తమ్ముడి షిఫ్టు

కాన్పులో నా కొడుకు పోయినప్పుడు నా కూతురికి ఐదేళ్లు నిండలేదు. నాకు మత్తు దిగేసరికే వాణ్ణి తీసుకుపోయారు. మా ఆయనే చేతుల్లో పట్టుకుపోయి గోదావరి ఒడ్డున మట్టిలో పెట్టి వచ్చాడు. వాడి మొహం నేను చూడలేదు. గర్భసంచి తీసేశారని, ఇక పిల్లలు కారని నర్సు చెప్పింది. చెబుతూనే సెలైన్ సీసా మార్చి అవతలి మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చిన రోజు నా ఒట్టి చేతులు చూసి నా బిడ్డ మా అమ్మను అడిగింది.

"అమ్మమ్మా, తమ్ముడేడి?"

"భూమిలకి పోయిండు బిడ్డా."

"ఏ షిఫ్టు?" అంది అది.

మా అమ్మ ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. దాన్ని తప్పు పట్టి ఏం లాభం? మా బొగ్గుగని కాలనీలో భూమిలోకి పోవడమంటే చావు కాదు, డ్యూటీ. తండ్రులందరూ టోపీ పెట్టుకుని లోపలికి పోతారు, షిఫ్టు అయ్యాక నల్లగా బయటికి వస్తారు. పోయినవాడు రాడని ఆ పిల్లలకు ఎవరు చెప్పాలి?

మా ఆయన మళ్లీ గనికి బయలుదేరిన పొద్దున అది గుమ్మంలో నిలబడి సగం కొరికిన బిస్కెట్ అందించింది. "తమ్మునికియ్యి బాపు." ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు. సాయంత్రం సైకిల్ స్టాండు వేయకముందే అది ఎదురెళ్లింది.

"తిన్నడా?"

"తిన్నడు."

నాకు ఒళ్లు మండింది. నేను లోపల పెట్టుకునే రకాన్ని కాదు. పిల్ల పడుకోగానే అడిగేశాను. "పసిదానికి గీ కాకమ్మ కథలేంది? రేపు ఎట్ల మాన్పిస్తవు?"

"రేపటి సంగతి రేపు సూద్దం తియ్," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇక తండ్రీబిడ్డలు తోడు దొంగలయ్యారు. బలపం ముక్క, వేయించిన గొట్టాలు, పొట్టిదైపోయిన గౌను, ఏదో ఒకటి రోజూ సద్ది డబ్బాతో పాటు గనిలోకి దిగేది. సాయంత్రం ఆయన నల్లా కింద సబ్బు రుద్దుకుంటూ కబుర్లు చెప్పేవాడు. తమ్ముడికి టోపీ కళ్ల మీదికి జారుతుందట. ఇంకా పాకుతున్నాడు కాబట్టి డ్యూటీలు పంచే సర్దార్ వాడికి పని చెప్పడట. తమ్ముడు ఆదివారం ఇంటికి ఎందుకు రాలేదని పిల్ల నిలదీస్తే, ప్లేడే పడిందని, ఆ సెలవు రోజున డ్యూటీ చేస్తే డబుల్ జీతమని సర్దిచెప్పాడు. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగి వంటింట్లో గిన్నెలు కదిలితే, "తమ్ముడు లేసిండు, ఉయ్యాల ఊపుండ్రి" అని అది నేలకేసి అరిచేది. పక్కింటివాళ్లు నవ్వేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు అది అడిగింది. "తమ్ముడు ఎట్లుంటడు బాపు?"

ఆయన నల్లా కింద సబ్బు రుద్దుకుంటున్నాడు. నేను వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నాను.

"చెవులు నా లెక్కనే, బయటికి ఉంటయి. గడ్డం మీద సొట్ట ఉంది. మీ అమ్మకు లేదా, అసొంటిదే. జుట్టు మస్తుగుంటది బిడ్డా, నొసటి దాక."

ఇది కథ కాదని నాకు వెంటనే తెలిసింది. కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు అలా ఉండదు. వాణ్ణి చూసింది ఆయనొక్కడే. అన్ని నెలలూ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నా కొడుకు గడ్డం మీద నా సొట్ట ఉందని చిక్కుడుకాయల ముందు కూర్చుని విన్నాను.

ఆ రోజు నుంచి నేను గొడవ మానేశాను. పైగా ఆయన వచ్చే వేళకు కూరగాయలు ముందేసుకుని గుమ్మం పక్కనే కూర్చునేదాన్ని. డబ్బాలో ఒక ముద్ద ఎక్కువ పెట్టేదాన్ని. ఎవరికని ఆయన అడగలేదు. వాడికి పన్ను వచ్చిన సంగతి అలాగే విన్నాను. గోడ పట్టుకుని నిలబడ్డాడని, పడ్డాడని, ఏడవలేదని విన్నాను. నా కొడుకు నడక నేర్చుకున్నది ఆ గనిలోనే. తెలంగాణ కోసం సమ్మె జరిగి గనులన్నీ బంద్ అయినప్పుడు, "తమ్మునికి బువ్వ ఎవరు పెడ్తరు?" అని పిల్ల ఏడుపు అందుకుంది. వాడూ సమ్మెలోనే ఉన్నాడని, జెండా కూడా పట్టుకున్నాడని ఆయన చెబితే దాని కన్నా ముందు నేను కుదుటపడ్డాను. పిచ్చి దానికే అనుకుంటారు అందరూ.

తర్వాత ఆ గని మూసేస్తున్నారని తెలిసింది. తీయడానికి ఇక బొగ్గు లేదట. మా ఆయనను ఓపెన్‌కాస్టుకు మార్చారు. ఎండలో పని అయినా ప్రాణానికి నయమని అందరూ అన్నారు. ఆయన ఆ మాటే ఇంట్లో చెబుతూ, "రేపే ఆఖరి షిఫ్టు, అందరం పైకి వచ్చేస్తం" అన్నాడు.

నా బిడ్డ ఆ ఒక్క మాటే పట్టుకుంది.

మర్నాడు బడికి పోనని మొండికేసింది. తన తల కింది మెత్త పక్కన ఇంకో మెత్త వేసింది. కొత్త గౌను వేసుకుని, గని గేటు దగ్గరికి తీసుకుపొమ్మని ప్రాణం తోడేసింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్పాలి? కనీసం నాలుగుసార్లు నోరు తెరిచాను. ఏం చెప్పకుండానే దాన్ని షేర్ ఆటో ఎక్కించాను.

గేటు బయట నిలబడ్డాం. షిఫ్టు దిగినవాళ్లు గుంపులుగా వస్తున్నారు. కొందరు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. మా ఆయన కనిపించగానే అది పరుగెత్తింది. ఆయనను దాటి వెనక్కి పోయి నిలబడింది. వచ్చేవాళ్ల కాళ్ల మధ్య వెతికింది. నేనూ ఆయన వెనక్కే చూశాను. అన్నీ తెలిసిన దాన్ని, చదువుకున్న దాన్ని, చివరి మనిషి బయటికి వచ్చేదాకా చూశాను.

"తమ్ముడేడి బాపు?"

ఆయన నా వైపు చూశాడు.

"తమ్ముడు లేడు బిడ్డా," అన్నాను నేను. "పుట్టిన్నాడే సచ్చిపోయిండు. భూమిల పెట్టినోళ్లు మళ్ల రారు."

అది ఏడవలేదు. కాదని చెప్పు అన్నట్టు తండ్రి మొహంలోకి చూసింది. ఆయన తల దించుకున్నాడు. అప్పుడు అది ఆయనను వదిలేసి వచ్చి ఆటోలో కూర్చుంది. ఇంటికి రాగానే ఆ రెండో మెత్త తీసి బీరువా మీదకు విసిరింది.

ఇప్పుడు ఆయన పని భూమి పైనే. సాయంత్రం వస్తాడు, నల్లా కింద స్నానం చేస్తాడు. పిల్ల హోంవర్క్ రాసుకుంటుంది, తల ఎత్తదు. నేను గుమ్మం పక్కనే కూర్చుంటాను. వాడు ఇవాళ ఏం చేసిండు అని అడగాలని నా నోటి దాకా వస్తుంది.