బోర్డు మీద రొయ్య

నిరుడు ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఒంగోలు బస్సు గుంటూరులో బయల్దేరింది. మిర్చి యార్డు దాటేలోపు బస్సంతా దగ్గింది. పక్క సీటావిడ, నా ఈడే ఉంటుంది, దగ్గుతూనే ఫోనులో వీడియో చూస్తోంది.

తొంగి చూశాను. తేట నీళ్లలో వేలిగోరంత రొయ్యలు. చూడగానే పోల్చుకున్నాను, మనం తినే రొయ్య కాదది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన ముప్పై ఒక్క ఏళ్లూ, ఫార్మలిన్ సీసాలోదాన్ని చూసి పదకొండు జతల కాళ్లతో బోర్డు మీద వేసిన బొమ్మ అది.

"ఫోను తలకిందులుగా పట్టుకున్నారండీ," అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఫోను సరిగ్గానే ఉందండి. ఇవి వెల్లకిలా ఈదుతాయి. లద్దాఖ్ కొండల మీద మడుగిది. చేపల్లేవు గనక బతికాయి. చలికాలం నీళ్లు గడ్డకట్టినా బురదలో గుడ్లు చావవు, మంచు కరగ్గానే పిల్లలవుతాయి. ఆరు వేసవులు వీటిని చూస్తూ ఆ ఒడ్డునే కూర్చున్నాను."

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. "కూరకి వస్తాయా అమ్మా?"

"రొయ్యపొట్టుకి కూడా రావు అన్నయ్యా."

ఆరు వేసవులు. నా కడుపు మండింది. మిర్చి ఘాటు అనుకుందామన్నా యార్డు ఎప్పుడో దాటాం.

చిలకలూరిపేటలో దిగబోతూ, "మీరేం చేసేవారండీ?" అని అడిగింది.

"పాఠాలు చెప్పేదాన్ని."

"ఏ సబ్జెక్టు?"

"లెక్కలు," అన్నాను.

ఆ లెక్క ఇది. ఏడాదికొకటి చొప్పున ముప్పై ఒక్క బొమ్మలు, అన్నిటికీ కాళ్లు కిందికే. బతికున్న ఆ రొయ్యను నేను చూసింది ఒక్కసారి, పక్కావిడ ఫోనులో.