బుక్‌మార్కులు పోయిన రోజులు

నా కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరుచుకునేలోపు చాయ్ కాగి పొంగేది. ఒక ఆదివారం పొద్దున ఒళ్లు మండి, దాన్ని తీసేసి మళ్లీ కొత్తగా వేసుకున్నాను. తీసేసేటప్పుడు, పాత సమాచారమంతా తుడిచేయమంటావా అని అడిగింది. నాకసలే శుభ్రత పిచ్చి. తుడిచెయ్ అన్నాను. కొత్త బ్రౌజర్ టక్కున తెరుచుకుంది. ఆ సంబరంలో ఇంకో చాయ్ తాగాను. తర్వాత చూస్తే నేను దాచుకున్న బుక్‌మార్కులు ఒక్కటీ లేవు.

బ్యాంకువి, కరెంటు బిల్లువి పోతే పోనీ, మళ్లీ వెతుక్కోవచ్చు. వాటితో పాటు అత్తమ్మ కథలు కూడా పోయాయి.

మా పుట్టింటివాళ్లది మహారాష్ట్రలోని లక్కడ్‌కోట్. తాతల నాటి నుంచి అక్కడే వ్యవసాయం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఇప్పుడు చంద్రపూర్‌లో మరాఠీ బడిలోనే లెక్కలు చెబుతున్నాను. తెలుగు గలగలా మాట్లాడతాను గానీ, పెళ్లయిన చాలా ఏళ్ల దాకా ఒక్క అక్షరం చదవడం వచ్చేది కాదు. అత్తమ్మ మాత్రం తెలంగాణలో అయిదో తరగతి దాకా చదివి, బొగ్గుగనిలో పనికి కుదిరిన మామయ్య వెంట ఇటు వచ్చింది. కథలంటే ఆమెకు ప్రాణం. షుగరు ఆమె చూపును మెల్లమెల్లగా తినేసింది. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, అక్షరం మాత్రం ఆనదు.

అందుకని నాకు చదువు నేర్పి, నా చేత చదివించుకోవడం మొదలుపెట్టింది. తెర మీద అక్షరం ఎలా ఉందో నేను చెప్పాలి, అదేమిటో ఆమె చెప్పాలి. "కడుపుల సుక్క ఉన్నదా బిడ్డా? ఉంటే థ, లేకుంటే ద." ఇలా నలభై దాటాక నాకు తెలుగు వచ్చింది. కూడబలుక్కుని చదువుతాను. రాయడం ఇప్పటికీ రాదు. దొరికిన కథల్ని బుక్‌మార్క్ చేసి, పేర్లు మరాఠీ అక్షరాల్లో పెట్టుకునేదాన్ని.

అప్పుడు మేం చదువుతున్నది, కోడిని బుట్టలో పెట్టుకొని చెల్లెలి ఊరికి బయలుదేరిన ముసలామె కథ. ఎవరో తమ బ్లాగులో రాసుకున్నారు. చాలా పెద్దది, సగంలో ఉన్నాం. ఆ బ్లాగు పేరేమిటో నేనెప్పుడూ చూడలేదు. గుర్తున్న మాటల్ని మరాఠీ అక్షరాల్లో కొట్టి వెతికితే, కోడికూర వండే వీడియోలు వరస కట్టాయి.

"అత్తమ్మా, కోడి కథ దొరుకుతలేదు. అన్నీ కూరలే వస్తున్నయ్."

"ఏందీ, అప్పుడే కోసిండ్రా?" అని నవ్వింది. "పోనీ తియ్యి బిడ్డా, గిట్ల మొకం ఏలాడేసుకోకు."

అలా అంది గానీ, సాయంత్రం కాగానే వచ్చి నా కుర్చీ పక్కనే కూర్చునేది. ఫోనుకు వచ్చిన చిన్న చిన్న కథలేవో చదివేదాన్ని. వినేది. అయ్యాక ఏమీ అడిగేది కాదు. నాకు ఏడుపొచ్చేది. ఆమెకు మిగిలిన చదువు ఆ కాసేపే. దాన్ని నా చేత్తో నేనే ఊడ్చేశాను.

మా బడిలో కంప్యూటర్ చెప్పే మరాఠీ టీచరమ్మ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాను. ఆవిడ, దీపావళికి ముందు మీ కంప్యూటర్ బాగుచేసినప్పుడు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాను కదా, బుక్‌మార్కులు కూడా అందులోనే ఉంటాయి అంది. నేను అడగకుండానే చేసిపెట్టిన పని అది. కోడి కథను అంతకుముందే దాచుకోవడం మా అదృష్టం.

ఇంటికొచ్చి, ఆవిడ చెప్పినట్టే ఆ ఫైలును బ్రౌజర్‌లోకి తెచ్చాను. ఏమీ కనిపించలేదు. ఉసూరుమంటూ ఫోన్ చేశాను. బుక్‌మార్కుల పట్టీ దాగి ఉంటుంది, పైకి రప్పించండి అంది. రప్పించాను. ఒక ఫోల్డర్ కనిపించింది. తెరిస్తే అందులో నా మరాఠీ అక్షరాల తెలుగు పేర్లు, అన్నీ. ఆ టీచరమ్మకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా మా అత్తమ్మ కథల్ని కాపాడింది. చేతులెత్తి మొక్కాలనిపించింది.

"అత్తమ్మా, దొరికింది!"

గోడ పట్టుకుంటూ గబగబా వచ్చి కూర్చుంది. పేజీ మొదటి వాక్యం దగ్గర తెరుచుకుంది. ఎంత కిందికి జరిపినా మేం ఎక్కడ ఆగామో నాకు అంతు పట్టలేదు. కథ ఎక్కడుందో బుక్‌మార్కు చూపిస్తుంది గానీ, అందులో మనమెక్కడున్నామో దానికి తెలియదు.

"మొదటిసంది సదువుతా అత్తమ్మా."

"ఎందుకు? బస్సుల కండక్టరు కోడికి టికెట్ అడిగిండు. గా ముసలామె బుట్ట మీద కొంగు కప్పి, 'ఇది సామాను కాదు నాయనా, నా తోడు' అన్నది. గాడ ఆగినవ్."

వెతికాను. ఆ వాక్యం అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉంది.

"ఇన్ని దినాలు ఎట్ల యాదికున్నది?"

"రోజూ పండుకునే ముందు ఒకపారి అనుకున్న. నువ్వు ఎట్లయినా తెస్తవని ఎరుకే. నువ్వు తెచ్చేటాల్లకు నేను జాగ మర్సిపోతే ఎట్ల?"

ఆమె చేయి కాసేపు పట్టుకొని, కండక్టరు ఏమన్నాడో చదివాను.