డబుల్ డబుల్‌కి నేను వేసిన పట్టిక

కెనడాలోని బ్రాంప్టన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురు విద్యార్థినులు అద్దెకుండేవారు. అందులో వరంగల్ అమ్మాయి ఒక శుక్రవారం సాయంత్రం మెట్లెక్కి వచ్చింది.

“అంకుల్, డబుల్ డబుల్ అంటే ఏంది? డబుల్ కా మీఠా లెక్కనా?”

మర్నాడు ఆమెకు కాఫీ షాపులో ట్రయల్, అంటే మూడు గంటలపాటు పని చేయించి చూస్తారు. ఉద్యోగం ఒకటి, పిలిచింది ముగ్గురిని. ఆ రోజుల్లో కాఫీ కోసం నిలబడ్డ వరుస కంటే రెజ్యూమే పట్టుకుని నిలబడ్డ వరుసే పొడుగు. ఆమె అరవై ఒక్క చోట్ల రెజ్యూమే ఇస్తే తిరిగి పలికింది ఇదొక్కటే. ఇంజనీరింగ్ పట్టా గురించి వాళ్లు ఏమీ అడగలేదు. డబుల్ డబుల్ తెలుసా అని మాత్రం అడిగారట. తెలుసని చెప్పి వచ్చేసింది.

పదకొండేళ్లుగా నేను తాగుతున్నది అదే. రెండు క్రీములు, రెండు చక్కెరలు వేసిన కాఫీకి ఇక్కడి వాడుక మాట. అంతవరకు చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ నేను లెక్కలు సొంతంగా నేర్చుకున్న మనిషిని, వేర్‌హౌస్‌లో పెట్టెలు లెక్కపెట్టడం నా పని. ఒక మాట ఎక్కడ పుట్టిందో తెలియకుండా దాన్ని ఇంకొకరికి నేర్పడం నాకు నచ్చదు.

తెలిసినవాళ్లకు ఫోన్లు చేశాను. కొడుకుని హాకీకి తిప్పే ఐటీ ఆయన, హాకీ ఆటగాళ్లు పుట్టించారన్నాడు. ట్రక్కు నడిపే గుంటూరు ఆయన, ట్రక్కు డ్రైవర్లేనన్నాడు. ఆస్పత్రిలో పనిచేసే ఆవిడ నర్సులన్నారు. ఇంటర్నెట్‌లో అర్థం దొరికింది కానీ, పుట్టుక గురించి ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఇక నేనే గడియారం పట్టుకున్నాను. “టూ క్రీమ్స్ అండ్ టూ షుగర్స్ ప్లీజ్” అనడానికి మూడు సెకన్లు పట్టింది. “డబుల్ డబుల్” అనడానికి ఒక్కటి. వరుసలో ముప్పై మంది ఉంటే సరిగ్గా ఒక నిమిషం మిగులుతుంది. జనవరి చలిలో తలుపు దగ్గర నిలబడ్డవాడికి నిమిషం చిన్నది కాదు. కాబట్టి ఈ మాటను పుట్టించింది వరుసే అని తేల్చాను.

తర్వాత ఆమె కోసం పట్టిక వేశాను. నాలుగు సైజుల కప్పులు, నాలుగు గడులు. ప్రతి గడిలోనూ రెండు చెంచాల క్రీము, రెండు చెంచాల చక్కెర. మా ఆవిడ వచ్చి దాన్ని చూసింది.

“మీరు జన్మలో ఒక్క కాఫీ కలిపారా? కప్పు పెద్దదైతే చక్కెర ఎక్కువ పడదూ?”

“రెండు అన్నాక రెండే. మాటలోనే ఉంది కదా.”

“జనం తాగేది మాట కాదండీ.”

ఆ అమ్మాయి మాత్రం కాగితం మడిచి ఫోన్ కవరులో పెట్టుకుంది.

మర్నాడు రెండు గంటలకు ట్రయల్ అయిపోవాలి. ఆమె బస్సు దిగేసరికి రెండూ యాభై. వచ్చి మా డైనింగ్ టేబుల్ దగ్గర కూలబడింది.

“మూడు లార్జ్ కప్పులు వాపస్ వచ్చినయ్ అంకుల్. చప్పగున్నదన్నరు. ఆడ క్రీము, చక్కెర ఏసే మిషన్ ఉంటది. సైజును బట్టి బటన్. లార్జ్‌ది నొక్కితే ఎక్కువ పడ్తది. మీరు అన్నిటికీ ఒక్కటే అన్నరు గదా, నేను అన్నిటికీ స్మాల్ బటనే రెండుసార్లు నొక్కిన.”

మా ఆవిడ నావైపు చూడలేదు. అలా చూడకుండా ఉండటంలో ఆవిడకు మంచి అనుభవం ఉంది.

“మరి ఉద్యోగం?” అన్నాను.

“సోమవారం నుంచి రమ్మన్నరు.” అప్పుడు నవ్వింది. “మిగిలిన ఇద్దరు గూడ ఇంట్ల నేర్చుకునే వచ్చిన్రు. ఒకామె ఆఖరిదాక వాళ్ల బాబాయి చెప్పినట్టే కలిపింది. నేను మూడో కప్పుకే మీ కాగితం చెత్తల ఏసి మేనేజర్ను అడిగిన. అడిగింది నేనొక్కదాన్నేనంట. ఏమనుకోకండి అంకుల్.”

ఏమీ అనుకోలేదు. కానీ లెక్క తేలాలి కదా.

“వాపసు వచ్చిన మూడూ లార్జే కదా? స్మాల్ ఒక్కటీ రాలేదు కదా?”

“రాలే అంకుల్.”

“అంటే స్మాల్ వరకు నా పట్టిక సరైనదే,” అన్నాను మా ఆవిడతో.

ఆవిడ లోపలికి వెళ్లి, మజ్జిగ తాగే పెద్ద గ్లాసు నిండా కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. ఒక గుక్క తాగాను. చప్పగా ఉంది. కొలిచి రెండు చెంచాలే వేసినట్టుంది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. బాగుందని చెప్పి మొత్తం తాగాను.