రెండు కార్జం పుల్లలు

కురుమే ఊళ్ళో, పుల్లలకి గుచ్చిన మాంసం కాల్చి అమ్మే హత్సుయో కొట్టు గుమ్మానికి వేలాడే గుడ్డ తెర నడుం దాకానే ఉంటుంది. బయట నిలబడ్డవాడి మొహం కనపడదు, కాళ్ళే కనపడతాయి. రోడ్డు పని చేసే ఎగషిర తారంటిన బూట్లు కనపడగానే ఆవిడ అడక్కుండానే రెండు కార్జం పుల్లలు, ఒక కోడిగుండెల పుల్ల బొగ్గుల మీద పెట్టేసేది. పదకొండేళ్ళుగా అంతే.

రెండో కార్జం పుల్ల అతని పెళ్ళాం సుమియే కోసం. ఆమెకి రక్తం తక్కువ. కార్జం తింటే రక్తం పడుతుందని డాక్టరు చెబితే రోజూ వెంటబెట్టుకొచ్చేవాడు. ఆమె పోయి నాలుగేళ్ళు. రెండోది వద్దని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. రెండూ తనే తినేవాడు.

కిందటి నెల కాలి బొటనవేలు వాచింది. దుప్పటి తగిలినా ప్రాణం పోయేది. డాక్టరు రక్తం పరీక్ష చూసి, "కార్జం, గుండెకాయలు మానెయ్. వాటివల్ల యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్ళలో పేరుకుంటోంది" అన్నాడు.

మానడం ఎంతసేపు? కానీ అతన్ని పేరుపెట్టి పిలిచేది ఆ కొట్లోనే. వెళ్తే బూట్లు చూసి పుల్లలు పెట్టేస్తుంది. కాల్చాక వద్దని ఎలా అంటాడు? పన్నెండు రోజులు వెనక సందులోంచి ఇంటికెళ్ళి, ఎవరితోనూ మాట లేకుండా ఇంత తిని పడుకున్నాడు.

పదమూడో రోజు ఉండలేకపోయాడు. వాపుకి బూటు పట్టక రబ్బరు చెప్పులతో వచ్చి తెర బయట నిలబడ్డాడు. పుల్లలు పెట్టిన చప్పుడు లేదు.

"ఎవరండీ? రండి, కూర్చోండి" అంది హత్సుయో, కొత్తవాళ్ళని పిలిచినట్టు.

చెప్పుల్లో ఉన్న కాళ్ళని ఆవిడ గుర్తుపట్టలేదు. వెనక్కి తిరగబోయి, ఆగి, తెర ఎత్తాడు.

"నువ్వేనటయ్యా! ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావ్? ఆ చెప్పులేంటి, స్నానానికి బయల్దేరావా?" ఆవిడ చెయ్యి అప్పుడే కార్జం పళ్ళెం మీదికెళ్ళింది.

"వద్దక్కా. డాక్టరు మానెయ్యమన్నాడు."

"రెండూనా?"

"రెండూ."

ఆవిడ ఉల్లికాడల పుల్ల ఒకటి, కార్జం పుల్ల ఒకటి కాల్చింది. ఉల్లికాడలు అతని ముందు పెట్టి, కార్జం తనే నిలబడి తినేసింది.

"నాకూ రక్తం తక్కువే. సుమియేది ఇక నేను తింటాలే" అంది మూతి తుడుచుకుంటూ. "ఈ చెప్పులు కూడా గుర్తుపెట్టుకుంటా."

ఎగషిర తలూపి ఉల్లికాడ కొరికాడు. నాలిక చురుక్కుమంది. పక్కన సుమియే కూర్చునే కుర్చీ ఖాళీగానే ఉంది.