కొత్తకు ముందు అడిగిన కాయ

పోయిన వారం అరకు దారిలో మా పాత నాయకుడి విగ్రహం ఆవిష్కరించారు. ఆయన పోయి ఏడాదయింది. దండ వెయ్యమని మైకులో పిలిస్తే ఆయన భార్య మెట్లెక్కి, కొంగులోంచి ఒక పచ్చి మామిడికాయ తీసి విగ్రహం పాదాల దగ్గర పెట్టింది. పక్కనే ఆకులో చిటికెడు ఉప్పు. కింద మైదానం నుంచి వచ్చిన నాయకులు చప్పట్లు కొట్టారు. ఆమె ఊరి పెద్దలు మాత్రం కొట్టలేదు.

ఆ కొండల్లో మామిడి కొత్త పండగ చేసి, పితరులకు పెట్టేదాకా ఆ ఏడాది కాయను ఎవరూ కొయ్యరు, తినరు. తింటే ఊరికి కీడు. భూముల కోసం కోర్టుల చుట్టూ తిరిగిన ఆ పెద్దాయన ఈ కట్టు విషయంలో కోర్టుల కన్నా గట్టివాడు. ఒకసారి సొంత బావమరిదే ముందుగా పచ్చడి నూరుకుని దొరికిపోతే, తప్పు కింద మేకను ఇప్పించి, పండగ పంక్తి నుంచి లేపేశాడు. ఆ పచ్చడి అంత బాగా కూడా లేదని బావమరిది ఏళ్ల తరబడి వాపోయేవాడు.

ఆయన పోయింది కూడా ఇలాగే, చెట్ల నిండా కాయలుండి పండగ ఇంకా రాని రోజుల్లో. నేను వార్త కోసం ఆ గుమ్మం ముందే ఉన్నాను. ఆఖరి మాట ఏమిటని డెస్కు నుంచి ఫోను. పత్రికల్లో పెద్దవాళ్లు ఊరికే చనిపోరు, జాతికి ఒక వాక్యం అప్పజెప్పి మరీ పోతారు. దగ్గరున్నది భార్య ఒక్కతే, ఆమె ఏమీ చెప్పడం లేదన్నాను. ఈలోగా విశాఖలో ఉన్న అనుచరుడొకడు ‘అడవిని విడవకండి’ అన్నారని అందరికీ చెప్పేశాడు. అదే అచ్చయింది. ఇప్పుడు పాలరాతి మీదా అదే.

సభ అయ్యాక జీపు కోసం కూర్చున్న ఆమె పక్కన చేరాను. అక్కను పిలిచినట్టు ఆమెను అప్పా అని పిలవడం నాకు పాత అలవాటు.

“కొత్త అవ్వకుండా ఇదేటప్పా?”

“అడివి గురించి ఆయనేటీ సెప్పలేదు తమ్ముడా. మామిడికాయ ముక్క ఉప్పద్ది పెట్టమన్నాడు. సెట్టు వాకిట్లోనే ఉంది.”

“పెట్టావా?”

“ఎలగ పెడతాను? కట్టు ఆయన్దే కదా. మతిలేక అడుగుతున్నాడనుకున్నాను. నోరు తెరిసి అలగే సూసాడు.”

నిరుడు పండగయ్యాక పెట్టే ఉంటావు కదా అన్నాను.

“అప్పుడు ఊరందరి పితరులకీ పెడతారు. ఆయన అడిగింది ముందు.”

పెద్దలు ఊరుకుంటారా అని అడిగితే కొంగు దులుపుకుంది. “మా తమ్ముడు మాత్రం ఊరుకోడు. ఆడి పచ్చడికి ఇన్నాళ్లకి తోడు దొరికింది.” నవ్వబోయి, విగ్రహం వైపు చూసి ఆగిపోయింది.

పండగ ఇంకా రాలేదు. ఆమెను పంక్తిలో కూర్చోనివ్వాలా వద్దా అని పెద్దలు కూర్చుంటున్నారు, తేలక లేస్తున్నారు. ఇలాంటి తగువుకు తీర్పు చెప్పే మనిషి విగ్రహమై రోడ్డు పక్కన నిలబడ్డాడు. దండలు ఎండి రాలిపోయాయి. కాయ అక్కడే ముడతలు పడుతోంది. ఆ ఊరివాళ్లెవరూ దాన్ని ముట్టుకోరు.