పచ్చి స్లాబు మీద పసుపు

“రెండు వానలకే ఇల్లంత గిన్నెలు పెట్టుకున్నం. గిది స్లాబా, జల్లెడా? గిట్లాంటి పనికి పైసలడగనీకి నీకు సిగ్గనిపిస్తలేదా?”

“నాకెందుకు సిగ్గు పెద్దమ్మా? కూలోళ్లకు నా జేబుల నుంచి ఇచ్చిన. నా భార్య పుస్తెలతాడు కుదువ వెట్టిన. నీ ఇంట్ల గిన్నెలు తడుస్తున్నయ్, నా ఇంట్ల ఎండుతున్నయ్.”

మా మిద్దె మీద ఇల్లు కట్టిన ముప్కాల్ ఊరి మేస్త్రీ, నేను ఇలా అరుచుకుంటుంటే ఇంజనీరు వంగి పగులు కొలుస్తున్నాడు. స్లాబు ఎందుకు పగిలిందో చూసి చెప్పమని ఆర్మూర్ కోర్టు అతన్ని పంపింది. ఇల్లు ఉరుస్తోందని ఆఖరి లక్షా ఇరవై వేలు నేను ఆపేశాను. మేస్త్రీ కేసు వేశాడు. అప్పటికి మూడేళ్లు.

ఆ మూడేళ్లూ కోర్టు వరండాలో ఒకే బల్లకు ఆ చివర అతను, ఈ చివర నేను. ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి వకీలు రాడు. పేరు పిలిచేదే మరో తారీఖు చెప్పడానికి. హోటల్లో తినడం ఇష్టం లేక సద్ది కట్టుకుని పోయేదాన్ని. వకీలుకు ఇచ్చిందంతా కలిపి చూసుకోవడం మాత్రం ఎప్పుడో మానేశాను.

“గీ పసుపు మరకలేందమ్మా?” అన్నాడు ఇంజనీరు.

“ఆరబోసినం సార్, పనంత అయినంకనే,” అన్నాడు నా కొడుకు.

స్లాబు పోసిన మర్నాడు మేస్త్రీ దాని మీద మట్టి గట్లు కట్టి నీళ్లు నింపాడు. “ఇరవై ఒక్క రోజులు నీళ్లు ఆరొద్దు పెద్దమ్మా, ఆరితే పగుళ్లొస్తయ్” అని చెప్పి ఇందల్వాయిలో వేరే పనికి పోయాడు. ఏడు రోజులు గడిచేసరికి పసుపు ఉడకబెట్టే మిషన్ మా వంతుకు వచ్చింది. వంతు వదులుకుంటే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. వాకిలంతా ఇసుక, కంకర. ఉడికిన కొమ్ములు కుప్పగా ఉంటే చెడిపోతాయి. పక్కవాళ్ల కల్లం కిరాయికి ఇస్తామన్నారు. వాళ్లడిగిన రెండు వేలు దండగనిపించింది. కొడుకుతో గట్లు తీయించి, తడి తుడిపించి, పచ్చి స్లాబు మీదే పసుపు పరిచాను. పదిహేను రోజుల ఎండకు పసుపు బాగా ఎండింది. స్లాబు కూడా ఎండింది.

“నీళ్లెన్ని రోజులు పట్టిండ్రమ్మా?” ఇంజనీరు మళ్లీ అడిగాడు.

కొడుకు నా వైపు చూశాడు. కోర్టుకిచ్చిన కాగితంలో ఇరవై ఒక్క రోజులని రాయించి, కింద నేనే ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం చేశాను. మెట్లెక్కిన మోకాళ్లు అప్పటికే గుంజుతున్నాయి. పిట్టగోడ మీద కూలబడ్డాను.

“ఏడు రోజులు,” అన్నాను.

“అవ్వా, యాదిలేకుంటే ఊకో!” అన్నాడు కొడుకు.

“మంచిగ యాదున్నది. ఏడే. ఎనిమిదో నాడు పసుపు పోసినం.”

న్యాయం గుర్తొచ్చి చెప్పలేదు. ఇంకో తారీఖుకు పోయే ఓపిక నాలో లేదు.

మేస్త్రీ ఎగిరిపడతాడనుకున్నాను. అతను తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

“గీ ముచ్చట అప్పుడే చెప్తే అయిపోతుండె గద పెద్దమ్మా. మన ఇద్దరి చెప్పులన్న మిగులుతుండె.”

“నువ్వు గా ఇసుకంత నా వాకిట్ల పోయకుంటే నేనెందుకు మిద్దె మీద ఆరబోస్తుంటి?” అన్నాను. ఇంజనీరు ఏదో రాసుకుని దిగిపోయాడు.

మర్నాడు పొద్దున కొడుకు సణుగుతూనే నన్ను బండి మీద ఆర్మూర్ తీసుకెళ్లాడు. బ్యాంకు తలుపు తీసేదాకా బయట నిలబడ్డాం. పైసలు తీసుకుని కోర్టుకు పోయేసరికి, కబురందిన మేస్త్రీ అక్కడే ఉన్నాడు. మా వకీలు రాజీ కాగితం రాశాడు. లక్షా ఇరవై వేలు మేస్త్రీ చేతికిచ్చాను. వడ్డీ అతను అడగలేదు, నేనూ ఇస్తాననలేదు. ఇద్దరం సంతకాలు చేశాం. అతను ముప్కాల్ బస్సెక్కి వెళ్లిపోయాడు.