మూసిన మునుం

ఊడ్పుల మడిలో ఆడపిల్లలు నవ్వుతుంటే గట్టున పోయేవాళ్లకి ముచ్చటగానే ఉంటుంది. దగ్గరికెళ్లి చూడండి, ఆ నవ్వులు ఎవరి మీదో!

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, ఉంగుటూరు పొలాల్లో వీరరాఘవమ్మ మేస్త్రి ముఠా అలాంటిదే. మేస్త్రి ఆమే అయినా పెత్తనమంతా మేనకోడలు సువర్ణది. పదహారేళ్ల పిల్ల. చెయ్యి ఎంత వడో నోరు అంతకు రెట్టింపు. గట్టుమీద ఎవరు ఎవరి పక్కన కూచుని చద్ది తినాలో కూడా తనే చెప్పేది. సువర్ణ పక్కచోటు రత్నమాణిక్యానిది. ఆ చోటు ఊరికే దక్కలేదు.

నాట్లు వెనక్కి నడుస్తూ వేస్తారు కదా, ఎవరి మునుం, అంటే ఎవరి వంతు పట్టీ, వాళ్లది. ఒకత్తె చెయ్యి ఆడక ఆగిందంటే, అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆమెని దాటిపోయి వీపు వెనక నారు నాటి దారి మూసేస్తారు. బయటికి రావాలంటే నాటిన నారు తొక్కాలి. తొక్కితే రైతు చేత చీవాట్లు, మర్నాటి నుంచి పిలుపు బంద్. ఊడ్పుల నెలలో పిలుపు లేకపోతే ఇంట్లో గంజికి కటకటే. నిరుడు సావిత్రిని అలా మూసింది మాణిక్యమే. చిన్ననాటి నుంచి ఇద్దరూ ఒక కంచంలో తిన్న జట్టు! సువర్ణ "మూయవే" అంది, ఈమె మూసింది. ఆనాటి నుంచి సావిత్రి పాక ముందునుంచి పోవాల్సొస్తే మాణిక్యం చుట్టుదారి పట్టేది.

ఈ ఏడు కొల్లేటి లంకనుంచి సత్తెమ్మ అని కొత్త పిల్ల దిగింది. వలలు అల్లిన చేతులు, నాటు కొత్త. సువర్ణ ముక్కు మూసుకుని "చేపల కంపే!" అంటే ముఠా అంతా విరగబడి నవ్వింది. మాణిక్యమూ నవ్వింది.

ముసురు పట్టిన ఒక పొద్దు సత్తెమ్మ వెనకబడింది. సువర్ణ కుడివైపు నుంచి సగం దారి మూసేసి, ఎడమవైపున్న మాణిక్యానికి కన్ను గీటింది.

"మూయవే మాణిక్యం."

మాణిక్యం నారు పట్టుకుని వంగింది. సత్తెమ్మ తలెత్తి చూసింది. అచ్చం సావిత్రి చూసినట్టే చూసింది, పాడు కళ్లు! మాణిక్యం చెయ్యి బురదలోకి దిగనంది.

"చెవుడా?"

"నేను మూయను."

వంగినవాళ్లంతా నడుములెత్తి చూశారు. ఎక్కడో రైలు కూత వినబడింది.

"అయితే నువ్వే ఉండు లోపల," అని సువర్ణ చుట్టూ తిరిగొచ్చి మాణిక్యం వెనక నాటడం మొదలెట్టింది. మిగతావాళ్లూ చేతులు కలిపారు. సందు ఇంకా కొంచెం ఉండగానే సత్తెమ్మ మాణిక్యాన్ని రాసుకుంటూ బయటపడింది. హమ్మయ్య, పోనీలే, పిల్ల గట్టెక్కింది అనుకుంది మాణిక్యం.

సువర్ణ ఒక నారు కట్ట సత్తెమ్మ చేతిలో పెట్టింది. "ఇందా. మిగతాది నువ్వు మూయి."

సత్తెమ్మ కట్ట అందుకుంది. మాణిక్యం వైపు చూళ్లేదు. వంగి, ఆ సందు మూసేసింది. అందరూ నవ్వితే తనూ నవ్వింది, నోటితో. కళ్లు మాత్రం సువర్ణ ముఖం మీదే ఉన్నాయి. మాణిక్యానికి ఒళ్లు మండింది, ఏడుపొచ్చింది. నిరుడు తన ముఖమూ ఇలాగే ఉండుంటుంది, ఛీ!

ఆమె నారు తొక్కుకుంటూ గట్టెక్కింది.

"రేపట్నించి రాకు," అంది వీరరాఘవమ్మ. "ఇంతమందిలో మూసేయించుకున్నావు, సిగ్గులేదుటే?"

"ఉందండి అత్తా. నిరుడున్నంత లేదు."

కాళ్ల బురదైనా కడుక్కోకుండా ఇంటిదారి పట్టింది. రేపు గంజికేం చెప్పాలో అమ్మకి, తోచలేదు. చుట్టుదారి చీలేచోట ఆగింది. అటు తిరగలేదు. సావిత్రి పాక ఉన్న దారినే నడిచింది.